ఉలవల బాకీ

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మనకో సామెత ఉంది. పని మానేసి తిండి మానని వాళ్ళ మీద విసరడానికి దీన్ని ఎప్పుడూ చేతికందేలా పెట్టుకుంటాం. రిటైరై వరండాలో పేపరు చదువుకుంటూ రెండో కాఫీ అడిగిన మామగారి మీద, డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాని కుర్రాడి మీద, ఒట్టిపోయిన గేదె మీద, అందరి మీదా పనిచేస్తుంది. ఎవరి మీద విసిరినా దెబ్బ మాత్రం ఏ పాపమూ ఎరగని ఆ గుర్రానికే తగులుతుంది. ఆ గుర్రం ఎందుకు గుడ్డిదైందో, అంతకుముందు ఎన్నేళ్ళు బండి లాగిందో సామెత చెప్పినవాడు రాసుకోలేదు. దాణా లెక్క మాత్రం గింజలతో సహా రాసిపెట్టుకున్నాడు.

ముసలి గుర్రానికి వీడ్కోలు చెప్పడం గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఈ సామెతే అడ్డం పడింది. వీడ్కోలు అనగానే మనకు చివరి రోజు గుర్తొస్తుంది. కన్నీళ్ళు, పూలదండ, నాలుగు మంచి మాటలు. గుర్రం విషయంలో అసలు చిక్కు దానికి ముందే ఉంది. మంచి పోషణ ఉన్న గుర్రం పాతిక ముప్పై ఏళ్ళు బతుకుతుంది. బండి లాగే సత్తువ అంతకు చాలా ముందే తరిగిపోతుంది. పని మానిన రోజుకూ ప్రాణం పోయే రోజుకూ మధ్య మిగిలిన ఆ ఏళ్ళ దాణా ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలిన ఒక సాయిబు చెప్పాడు. ఆయన దాన్ని జవాబు అనుకోలేదు, అది వేరే సంగతి.

ఇప్పటి పిల్లలకు జట్కా అంటే పాత సినిమాలో చూసిందే. రెండు పెద్ద చక్రాలు, పైన వంపు తిరిగిన గూడు, లోపల పరిచిన ఎండుగడ్డి, దాని మీద గోనెపట్టా. సీట్లుండవు, కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. బరువు ముందుకు పడితే గుర్రం వీపు మీద మోత. వెనక్కి పడితే బండి తేలిపోయి గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. అందుకే సాయిబు నోట ఎప్పుడూ ఒకటే పాట: “కొంచెం ముందుకు జరగండమ్మా”, “అయ్యగారూ, మీరు కాస్త వెనక్కి.” భారీ మనుషులను ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకు చూడగానే తెలిసిపోయేది. మర్యాదకు ఎక్కడా లోటు రానీయకుండా వాళ్ళను సరిగ్గా ఇరుసు మీదికి చేర్చేవాడు. చేతిలో చెర్నాకోల ఉండేది గానీ, తిరిగే చక్రం ఆకులకు దాని కర్ర ఆనించి టకటకమనిపించి అడ్డొచ్చిన జనాన్ని తప్పించడానికే అది ఎక్కువ పనికొచ్చేది.

ఆ బండికి కట్టిన ఆడగుర్రం మోతీ. ఎర్రమట్టి రంగు, నుదుటి మీద తెల్లచుక్క. మా వీధి పిల్లలమంతా ఆ బండిలోనే బడికి వెళ్ళేవాళ్ళం. మోతీకి దారి కంఠతా వచ్చు. ఏ గుమ్మం ముందు ఆగాలో, ఏ పిల్లాడు పలక మర్చిపోయి మళ్ళీ లోపలికి పరిగెడతాడో దానికి తెలుసు. ఒక ఇంటివాళ్ళు బదిలీ మీద వేరే ఊరు వెళ్ళిపోయాక కూడా చాలాకాలం ఆ గుమ్మం ముందు ఆగేది. సాయిబు పగ్గం లాగేవాడు కాదు. “లేరే, ఎళ్ళిపోయారు” అని చెప్పేవాడు. అది చెవులు వెనక్కి తిప్పి విని, అప్పుడు కదిలేది. మర్నాడు మళ్ళీ అక్కడే ఆగేది.

తెల్లారగట్ల నానిన ఉలవలు, సాయంత్రం తవుడు, స్టాండులో బేరం లేనప్పుడు మూతికి తగిలించిన దాణా సంచి. మోతీ తిండి ఖర్చు పక్కన పెట్టాకే సాయిబు ఇంట్లో బియ్యం కొనేవారు. “ముందు దాని పొట్ట, తర్వాత మా పొట్ట. అది తింటేనే గదా మేం తినేది” అనేవాడు. అందులో జాలి లేదు, గొప్ప లేదు. వ్యాపారం తెలిసినవాడి లెక్క.

గుర్రం వయసు దాచుకోలేదు, నోరు తెరిస్తే బయటపడుతుంది. సంతలో కొనేవాడు ముందు దాని పెదవి ఎత్తి చూసేది అందుకే. పై వరసలో చివరగా ఉండే కొరుకుడు పన్ను మీద పదేళ్ళప్పుడు చిగురు దగ్గర సన్నని గాడి కనిపిస్తుంది. పదిహేనేళ్ళకు సగం పన్ను దాకా, ఇరవైకి కొస దాకా దిగుతుంది. ఆపైన చిగురు వైపు నుంచి చెరిగిపోతూ ముప్పైకి మాయమవుతుంది. గుర్రం పళ్ళు జీవితమంతా చిగురులోంచి బయటికి వస్తూనే ఉంటాయి, గడ్డి నమిలి అరుగుతూనే ఉంటాయి. ముసలితనానికి వచ్చేసరికి లోపల నిల్వ అయిపోతుంది. కొత్తగా వచ్చేది ఉండదు, ఉన్నది నమలదు.

మోతీ ముసలితనం మాకు మొదట నేల మీద కనిపించింది. గడ్డి నమిలి, మింగలేక, తాంబూలం పిప్పిలా ముద్దలు ముద్దలుగా పడేసేది. తర్వాత కళ్ళ పైన గుంటలు లోతయ్యాయి. ముఖం మీద వెంట్రుకలు నెరిశాయి. కాలువ వంతెన ఎక్కే చోట ఆగి ఊపిరి తీసుకునేది. అక్కడ సాయిబు బండి దిగి నడవడం మొదలెట్టాడు. కొన్నాళ్ళకు మమ్మల్ని కూడా దింపి నడిపించాడు. మాకు అదో సరదా. ఒక సాయంత్రం మా నాన్న దగ్గరికి వచ్చి, “వచ్చే నెల నుంచి పిల్లలకు వేరే బండి చూసుకోండి అయ్యగారూ. మోతీని ఇంక కట్టను” అన్నాడు. అప్పటికే స్టేషను ముందు ఆటోలు బారు తీరి ఉన్నాయి. కొత్త గుర్రం కొనే రోజులు కావవి. ఆయన కొడుకు అప్పు చేసి ఆటో కొన్నాడు.

మర్నాడు సాయిబు లాడాలు కొట్టేవాణ్ణి పిలిపించి నాలుగు కాళ్ళకూ లాడాలు ఊడదీయించాడు. రోడ్డు మీద డెక్క అరిగిపోకుండా కాయడానికే లాడం. రోడ్డు పని లేని గుర్రానికి అది ఒట్టి ఇనుము. తర్వాత నేను చాలా పదవీ విరమణ సభలకు వెళ్ళాను, శాలువాలు కప్పాను, ఉపన్యాసాలు విన్నాను. ఇంత అర్థమున్న విరమణ మళ్ళీ చూడలేదు. వాడు మేకులు ఒక్కొక్కటే పీకుతుంటే మోతీ అడగకముందే ఒక్కో కాలూ ఎత్తి ఇచ్చింది. మరుసటి పొద్దున దాన్ని కాలువగట్టు మీదికి మేతకు తీసుకెళ్తుంటే వీధిలో ఎవరికీ తెలియలేదు. అన్నేళ్ళూ మమ్మల్ని నిద్రలేపిన చప్పుడు ఆ డెక్కలది కాదు, వాటి కింది ఇనుముదని అప్పుడే తెలిసింది.

నెల తిరక్కుండానే ఆ లాడాల కోసం జనం రావడం మొదలెట్టారు. గుమ్మానికి కొట్టుకుంటే కలిసొస్తుందని ఒకరు, ఉంగరం చేయించుకుంటే శని వదులుతుందని ఒకరు. “ముసలి గుర్రాన్ని మేపడం దండగ సాయిబూ, అమ్మెయ్” అని హితవు చెప్పినవాళ్ళే, దాని కాలికి అరిగిన ఇనుము మాత్రం తమకు అదృష్టం తెస్తుందని నమ్మారు. సాయిబు ఎవరినీ కాదనలేదు. ఊరికే మాత్రం ఇవ్వలేదు. లాడానికి మానెడు ఉలవలు పుచ్చుకున్నాడు. “మీ అదృష్టం సంగతి నాకు తెలీదు గానీ, దీని అదృష్టం బాగుంది” అన్నాడు. ఈ సంగతి విని మా అమ్మ నవ్వింది. నవ్వి ఊరుకోకుండా, “ఇన్నేళ్ళు మా పిల్లల్ని మోసింది, మేమెందుకు ఇవ్వకూడదు?” అని ఒకటో తారీఖు సరుకులతో పాటు ఉలవలూ తెప్పించి పంపడం మొదలెట్టింది. చూసి ఇంకో రెండిళ్ళవాళ్ళు పంపారు. అందరూ పంపారని చెప్పను. లాడం పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించలేదు.

సాయిబు భార్య బూబమ్మ ఆ ఉలవలు ఉడకబెట్టి, పప్పుగుత్తితో మెదిపి, తవుడూ కాస్త బెల్లమూ కలిపి గోళెంలో పోసేది. పోస్తూ సణిగేది. “ఈయనకు పళ్ళు కదిలాయని రొట్టె చాయలో ముంచి పెడతన్నా. దానికి పళ్ళు అరిగాయని ఉలవలు మెదిపి పెడతన్నా. నా పళ్ళు పోయిననాడు ఎవరు మెదుపుతారో చూస్తా!” ఇటుకబట్టీ నుంచి ఒక బేరగాడు వచ్చాడు. ఇంకొకడు ఎందుకో చెప్పకుండా ధర మాత్రం చెప్పాడు. ఇద్దరికీ సాయిబు ఒకటే మాట చెప్పి పంపాడు. “ఇది నాకు అప్పిచ్చిన మనిషయ్యా. అప్పిచ్చినవాళ్ళను అమ్ముకుంటామా?”

తర్వాత పుస్తకాలు తిరగేస్తున్నప్పుడల్లా ఈ మాట గుర్తొచ్చేది. మన పూర్వులు గుర్రాన్ని కొనడంలో చూపిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. సాళువ నరసింహరాయలు హోర్ముజు, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలను మూడింటికి వెయ్యి పర్దావుల లెక్కన, చచ్చినా బతికినా కొన్నాడనీ, సముద్రంలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా డబ్బు ఇచ్చాడనీ 16వ శతాబ్దంలో నూనిజ్ అనే పోర్చుగీసువాడు రాసిపెట్టాడు. దూరదేశాల నుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను ఊళ్ళూ మేడలూ ఇచ్చి దగ్గర పెట్టుకోవాలనీ, ఆ సరుకు శత్రువుకు చేరకుండా చూసుకోవాలనీ కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పాడు. పాండవుల్లో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటుడి గుర్రాలు చూసుకున్నాడు. మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఏ సుడి ఉన్న గుర్రం కలిసొస్తుందో, ఏ సుడి ఉంటే ఇల్లు గుల్లవుతుందో సంతలో బేరగాళ్ళు ఈనాటికీ చూస్తారు. రాకకు ఇంత హడావిడి. పోకకు?

పోకకూ కొన్ని కథలున్నాయి. గుర్రం సంగతి ఎలా ఉన్నా రౌతుకు పేరుండాలి. క్రీస్తు పూర్వం 326లో జీలం నది దగ్గర పురుషోత్తముడితో యుద్ధం తర్వాత అలెగ్జాండరు గుర్రం బ్యుసెఫలస్ చచ్చిపోతే, ఆయన దాని పేరున నది ఒడ్డున ఏకంగా ఒక పట్టణం కట్టించాడు. అప్పటికి దానికి ముప్పై ఏళ్ళుంటాయని చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. వాటర్లూలో వెల్లింగ్టన్ ఎక్కిన కోపెన్‌హేగన్ అనే గుర్రం 1836లో, తన 28వ ఏట పోయింది. సైనిక మర్యాదలతో పాతిపెట్టారు. అంతలోనే ఎవరో జ్ఞాపకానికని దాని డెక్క ఒకటి కోసుకుపోయారని తెలిసి వెల్లింగ్టన్ మండిపడ్డాడు. మా వీధివాళ్ళు నయం, లాడాలతో సరిపెట్టుకున్నారు. మొన్నమొన్నటి మాట, 2022 జనవరి 26న రాష్ట్రపతి అంగరక్షక దళంలోని విరాట్ అనే గుర్రం గణతంత్ర పరేడు ముగిశాక పదవీ విరమణ చేసింది. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్, ప్రధాని మోదీ దగ్గరికెళ్ళి దాన్ని నిమిరారు. పదమూడు పరేడుల్లో నడిచిన ఆ గుర్రానికి అంతకు కొద్దిరోజుల ముందే సైన్యాధిపతి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. టీవీలో చూసి సంతోషించాను. ప్రశంసాపత్రం గుర్రం చదవదు. కానీ అది అందుకున్న గుర్రాన్ని రేపు ఇటుకబట్టీకి అమ్మరు. కాగితం విలువ అక్కడుంది.

గుర్రం వైపు నుంచి చెప్పిన వీడ్కోలు కథ మాత్రం మన అమరావతి శిల్పుల చేతికి చిక్కింది. సిద్ధార్థుడు రాత్రివేళ కపిలవస్తు విడిచి వెళ్ళే ఘట్టం అది. నగరం మేలుకోకుండా ఉండాలని ఆయన గుర్రం కంథకం డెక్కలను దేవతలు చేతులతో పట్టి చప్పుడు కాకుండా చేశారట. అనోమా నది దాటాక సిద్ధార్థుడు నగలు తీసి సారథి ఛన్నుడికిచ్చి వెనక్కి వెళ్ళమన్నాడు. అశ్వఘోషుడి బుద్ధచరితంలో కంథకం ఆయన పాదాలు నాకి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పాళీ కథలోనైతే, యజమాని కనుమరుగు కాగానే గుండె పగిలి చచ్చిపోతుంది. లోకం కోసం అందరినీ వదిలినవాడు తన గుర్రానికి కూడా వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళాడని మనవాళ్ళు మరిచిపోకుండా చెప్పుకున్నారు. మా సాయిబుకు ఈ కథ తెలియదు. ఆయనకు తెలిసింది పీర్లపండుగకు చెప్పుకునే కర్బలా కథ. ఇమాం హుస్సేన్ నేలకొరిగాక ఖాళీ జీనుతో డేరాల దగ్గరికి తిరిగొచ్చిన జుల్జనా కథ. అది చెప్పేటప్పుడు ఆయన చెయ్యి మోతీ మెడ మీదే ఉండేది.

కథల్లో గుర్రాలు ఏడుస్తాయి. నిజం గుర్రానికి వీడ్కోలు అనే సంగతి తెలుసునా? ఇన్నేళ్ళకూ నాకు తోచేది, దానికి మన మాటలు తెలియవు గానీ మన రాకపోకలు తెలుసు. బదిలీ అయిన ఇంటి ముందు రోజూ ఆగిన మోతీకి, మనుషులు వెళ్ళిపోతారన్నది నమ్మదగ్గ విషయంగా తోచలేదు. దానికి రేపు లేదు, కనుక చివరి రోజు కూడా లేదు. గోళెం నిండిందా, చెట్టు నీడ ఎటు జరిగింది, తెలిసిన చెయ్యి వచ్చిందా రాలేదా, ఇవే దానికి కావలసినవి. అలాంటి ప్రాణికి వీడ్కోలు చెప్పాలంటే మాటలు పనికిరావు. ఆ మూడూ తప్పకుండా చూసుకోవడమే మనం చేయగలిగింది.

నేను కాలేజీ నుంచి సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఏడు మోతీ పడిపోయింది. గుర్రం నిలబడి నిద్రపోగలదు. కాళ్ళ కీళ్ళు గడియ పడినట్టు నిలిచిపోతాయి. కానీ గాఢంగా నిద్ర పట్టాలంటే రోజూ కాసేపైనా నేల మీద ఒరగాలి. ముసలిదై కీళ్ళు నొప్పిపెట్టే గుర్రం పడుకుంటే లేవలేనని ఒరగడమే మానేస్తుంది. నిలుచునే కునికి, తూలి, ముందుకాళ్ళు మడతపడి కూలబడుతుంది. మోతీ ముందుకాళ్ళకు డెక్కల పై కీళ్ళ దగ్గర చర్మం రేగి ఉంటే సాయిబు మొదట ఈగలనుకున్నాడు. అనుమానం వచ్చి రాత్రంతా మేలుకుని చూశాక అసలు సంగతి తెలిసింది. బండెడు ఇసుక తెప్పించి చెట్టు కింద మందంగా పోయించాడు. మెత్తగా ఉండేసరికి పడుకోవడం మొదలెట్టింది. భోగి వెళ్ళాక ఒక పొద్దున పడుకున్నది లేవలేదు.

పడిన గుర్రానికి దాని ఒళ్ళే పగ. ఒకే పక్కన ఎక్కువసేపు ఉంటే ఆ బరువుకు కింది కండరాలు నలిగిపోతాయి, ఊపిరి సరిగ్గా ఆడదు. వీధిలో మగవాళ్ళమంతా చేరి పొట్ట కింద గోనెపట్టాలు దూర్చి లేపాం. నిలబడింది, వణికింది, మళ్ళీ కూలింది. పశువుల డాక్టరు వచ్చి కీళ్ళు నొక్కి చూసి, చెవి పెట్టి పొట్ట విని, సాయిబును పక్కకు పిలిచాడు.

“రెండు మూడు రోజులు మందులతో ఇలాగే ఉంచొచ్చు. ఉంచమంటావా?”

“ఉంచితే లాభం దానికా సార్, నాకా?”

డాక్టరు కాసేపు ఆగి, “నీకే” అన్నాడు.

“అయితే వద్దు సార్.”

కొడుకు మోతీ తలకు ఎదురుగా కూర్చుని నుదురు నిమరబోతే సాయిబు జరిపేశాడు. “అక్కడ కాదురా. అక్కడుంటే దానికి కనపడవు.” గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలామేర చూస్తుంది గానీ సరిగ్గా నుదుటి ముందు ఉన్నది దానికి కనపడదు. గుర్రం నుదుటికి నుదురు ఆనించి మనం తీయించుకునే ఫొటోలన్నిటిలోనూ మనమే దాన్ని చూస్తాం, అది మనల్ని చూడదు. సాయిబు దాని భుజం పక్కన, కన్ను పడే చోట కూర్చున్నాడు. మెడ మొదట్లో, వీపు మొదలయ్యే ఎత్తు దగ్గర గోళ్ళతో గోకుతూ ఉన్నాడు. రెండు గుర్రాలు స్నేహంగా ఉంటే ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునే చోటు అదే. అక్కడ గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చూశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. సాయిబు కొలవలేదు, ఆయనకు చేతికి తెలుసు. డాక్టరు సూది వేసేదాకా, వేశాకా ఆయన నోటి నుంచి వీడ్కోలు మాట ఒక్కటి రాలేదు. రోజూ సాయంత్రం చెప్పే కబుర్లే చెప్పాడు. ఉలవల ధర పెరిగిందని కూడా చెప్పాడు.

సాయిబు వేసిన ప్రశ్ననే ఆయనకన్నా అర్ధశతాబ్దం ముందు కైరోలో డొరతీ బ్రూక్ అనే ఆంగ్లేయురాలు వేసుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా దాకా సైన్యాన్ని మోసిన గుర్రాలను యుద్ధం ముగిశాక వేలసంఖ్యలో ఈజిప్టులోనే అమ్మేసి బ్రిటిషువాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. 1930లో భర్త ఉద్యోగరీత్యా కైరో వెళ్ళిన ఆమె, ఆ గుర్రాలు ఎముకలగూళ్ళై వీధుల్లో రాళ్ళబండ్లు లాగుతుంటే చూసింది. 1931లో ఒక లండన్ పత్రికకు ఉత్తరం రాసింది. జనం డబ్బు పంపారు. మూడేళ్ళలో దాదాపు 5,000 గుర్రాలను కొన్నది. కొన్నవాటిలో చాలావాటికి బతికే స్థితి లేదు. వాటికి కడుపునిండా తిండి, పడుకోవడానికి మెత్తని గడ్డి, కొద్దిరోజుల విశ్రాంతి ఇచ్చి, బాధ లేకుండా ప్రాణం తీయించింది. 1934లో ఆమె అక్కడ పెట్టిన ఆస్పత్రి నుంచి పెరిగిన సంస్థ ఇవాళ మన దేశంలో ఇటుకబట్టీల్లో పనిచేసే గుర్రాల, గాడిదల బాగోగులు కూడా చూస్తోంది.

చంపడానికి కొనడమేమిటని అడిగేవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. నాకు మాత్రం ఆమె చేసింది, సాయిబు చేసింది ఒకటే పనిగా కనిపిస్తాయి. ప్రేమించినవాళ్ళకు వీడ్కోలులో ఎదురయ్యే పెద్ద ప్రలోభం వాయిదా. ఇంకో రోజు చూద్దాం, ఇంకో మందు వేద్దాం అనుకుంటాం. ఆ ఇంకో రోజు నొప్పి ఎవరు పడతారో లెక్క వేసుకోం. ప్రేమ లేనివాడు గుర్రాన్ని తొందరగా వదిలించుకుంటాడు, ప్రేమ ఎక్కువైనవాడు ఆలస్యం చేస్తాడు. రెంటికీ మధ్య సరైన రోజు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడం కష్టం. “లాభం దానికా, నాకా” అన్న ప్రశ్న ఒక్కటే దానికి దారి చూపుతుంది. ముసలి కుక్క ఉన్న ఇంట్లోనైనా, ముసలి ఎద్దు ఉన్న కొట్టంలోనైనా ఇదే ప్రశ్న పనికొస్తుంది.

చెహోవ్ కథలో కొడుకు పోయిన బండివాడు ఎక్కినవాళ్ళందరితో తన దుఃఖం చెప్పుకోబోతాడు. ఎవరూ వినకపోతే చివరికి తన గుర్రంతో చెప్పుకుంటాడు. గుర్రమే పోయినవాడు ఎవరితో చెప్పుకోవాలో ఆ కథలో లేదు. మా సాయిబు మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. మోతీని ఏ సంతలో కొన్నాడో, కృష్ణ పొంగిన ఏడు మోకాలి లోతు నీళ్ళలో ఒక పురిటిమనిషిని ఆస్పత్రికి ఎలా చేర్చిందో చెప్పేవాడు. విన్నవాళ్ళం విన్నాం. మనిషి పోతే పరామర్శకు వెళ్ళడం తెలిసిన మనకు, గుర్రం పోయిన ఇంటికి వెళ్ళి ఏమనాలో తెలియదు. ఏమీ అనక్కర్లేదు, వింటే చాలు.

ఇప్పుడు జట్కాలు లేవు. గుర్రాలు మాత్రం ఉన్నాయి. విశాఖ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. హైదరాబాదు పెళ్ళి ఊరేగింపుల్లో జిగేల్‌మనే గుడ్డలు కప్పుకుని, డీజే పెట్టెల పక్కన, టపాకాయల మధ్య నిలబడుతున్నాయి. వాటి యజమానులు చాలావరకు మా సాయిబులాంటి చిన్న మనుషులే. చట్టం ఉంది. వయసుడిగిన, జబ్బుపడిన జంతువుతో పని చేయించినా, ఆకలికి వదిలేసినా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఈ రోజుల్లో ఆ డబ్బుకు ఒక పూట ఉలవలు రావు. కాబట్టి ఈ భారాన్ని చట్టం మోస్తుందని ఆశపెట్టుకోనక్కర్లేదు. యజమాని ఒక్కడే మోయాలనడమూ న్యాయం కాదు. ముసలి గుర్రం అతనొక్కడికే అప్పివ్వలేదు, ఎక్కినవాళ్ళందరికీ ఇచ్చింది.

అందుకని పెళ్ళికి గుర్రం మాట్లాడుకునేవాళ్ళకు ఒక మాట. బేరమాడే ముందు దాని డొక్కలు చూడండి, కాళ్ళ కీళ్ళు చూడండి, వయసెంతో అడగండి. ముసలిదైతే పెళ్ళికొడుకును కారెక్కించి, గుర్రానికి ఇవ్వాల్సిన డబ్బు గుర్రానికే ఇచ్చి పంపండి. చిన్నప్పుడు మిమ్మల్ని బడికో బీచికో మోసిన గుర్రం ఇంకా ఎక్కడైనా ఉందని తెలిస్తే, ఫొటో కోసం వెళ్ళకండి, ఉలవలు పట్టుకుని వెళ్ళండి. అది బతికుండగా తీర్చగలిగిన బాకీ అదొక్కటే.